మూడు వేళ్ళ సైగ

"ఆదివారం మధ్యాహ్నం నీ కచేరీలో ఒక మనిషిని చంపబోతున్నారు. హంతకుణ్ణి పట్టిచ్చావంటే నీ పాస్‌పోర్ట్ నీకిచ్చేస్తాం" అన్నాడు ప్రెస్కాట్. పారిస్‌లో అమెరికా గూఢచారులకు అతనే పెద్ద.

అల్వా గ్రీన్‌లీ ట్రంపెట్ వాయిస్తాడు. స్వదేశమైన అమెరికాలో తనలాంటి నల్లవాళ్ళని ఎలా చూస్తారో ఇక్కడి పత్రికలకు చెప్పినందుకు, ఆ పాస్‌పోర్ట్ లాక్కున్నది వీళ్ళే. అది లేకపోతే నెలాఖరుకి ఫ్రాన్స్ వదిలిపోవాలి. అల్వాకి ఒళ్ళు మండిపోయింది. అయినా సరేనన్నాడు.

టార్గెట్ తూర్పు జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన శాస్త్రవేత్త. జాజ్ అంటే చెవి కోసుకుంటాడు, ఎంత చెప్పినా కచేరీ మానడు. అల్వా బ్యాండులో పాటలు పాడే ఒడెట్ తమ ఏజెంటేననీ, ఆమెని నమ్మవచ్చనీ ప్రెస్కాట్ భరోసా ఇచ్చాడు.

ఆదివారం, నిలువెత్తు వయొలిన్‌లా ఉండే బాస్ వాయించే మనిషి రాలేదు. ఒడెట్ రైనర్ అనే కొత్తవాణ్ణి తీసుకొచ్చింది. పదేళ్ళుగా జాజ్ బ్యాండుల్లోనే ఉన్నాడని చెప్పింది. స్వరాలు రాసిన కాగితం చూసి చక్కగానే వాయించాడు.

మూడో పాటకి కాగితాల్లేవు. అల్వా మూడు వేళ్ళు కిందికి చూపాడు. ఏ శ్రుతిలో వాయించాలో చెప్పే సైగ అది. జాజ్ బ్యాండులో నెల్లాళ్ళున్నవాడికైనా తెలుస్తుంది. రైనర్ మాత్రం వంగి, బూట్ల దగ్గర ఏం పడిందా అని వెతికాడు.

అంటే ఒడెట్ అబద్ధమాడింది. రైనర్ పక్కనున్న కమాను పిడి మరీ లావుగా, తుపాకీ గొట్టంలా ఉందని అల్వా అప్పుడు గమనించాడు.

"ఇక నా పాట. నెమ్మదిగా, కమానుతో" అంది ఒడెట్ నవ్వుతూ.

"నీ పాట ఇవాళ లేదమ్మా, కూర్చో."

అల్వా పిచ్చివేగంతో ఒక బ్లూస్ పాట ఎత్తుకున్నాడు. కమాను అందుకునే వీల్లేకుండా రైనర్ రెండు చేతులూ తీగల మీదే ఇరుక్కుపోయాయి. ఆపితే అతని గుట్టు బయటపడుతుంది. పెదవి చిట్లి నెత్తురొస్తున్నా అల్వా ఆపలేదు, ట్రంపెట్ రైనర్ వైపే గురిపెట్టి వాయించాడు. తలుపు దగ్గరున్న ప్రెస్కాట్‌కి అర్థమైంది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

అది చూసి రైనర్ బాస్ వదిలేసి కమాను ఎత్తి శాస్త్రవేత్త వైపు గురిపెట్టాడు. అల్వా ట్రంపెట్‌తో అతని చేతి మీద ఒక్కటిచ్చాడు. కమానులోంచి పేలిన గుండు పైకప్పులో దిగింది. రైనర్‌నీ, వెనక తలుపు వైపు పరిగెత్తిన ఒడెట్‌నీ ప్రెస్కాట్ మనుషులు పట్టుకున్నారు.

ప్రెస్కాట్ పాస్‌పోర్ట్‌తో పాటు విమానం టికెట్ కూడా చేతిలో పెట్టాడు. "ఇంటికి పద అల్వా. నిన్ను హీరోలా చూస్తారు."

"ఇది ఉంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఉండొచ్చు కదా సార్?"

"ఉండొచ్చు."

"అయితే ఇక్కడే ఉంటా." అల్వా పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని, సొట్టపడ్డ ట్రంపెట్‌నీ టికెట్‌నీ అతని చేతికిచ్చాడు. "ఈ టికెట్ వాపసిచ్చి నాకో కొత్త ట్రంపెట్ కొనిపెట్టండి."