మూడోసారి మునిగిన చొక్కా

ఫ్రాన్సు పడమటి కొసన, మా బ్రిటనీలో లాన్వెర్న్ ఊటబావి పేరెత్తితే చీకట్లో మగాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు. అక్కడ రాత్రిళ్లు ఒక ఆడదెయ్యం బట్టలుతుకుతుందట. చావబోయేవాళ్ల బట్టలు! దారినపోయేవాళ్లను పిలిచి రెండో కొస పట్టుకుని పిండమంటుందట. పిండితే... చేతులు మెలితిరిగి విరిగిపోతాయట. చెప్పులు కుట్టే అలాన్ కళ్లారా చూశానన్నాడు. తాగితే వాడికి చంద్రుళ్లు కూడా ఇద్దరు కనిపిస్తారు, అది వేరే సంగతి.

అయినా ఆ బావికి వెళ్లక తప్పనివాళ్లు ఉన్నారు. జబ్బుపడ్డ పిల్లల తల్లులు.

తెల్లవారకముందే, ఎవరి కంటా పడకుండా వెళ్లి బిడ్డ చొక్కాను నీళ్లమీద పరవాలి. తేలితే బిడ్డ బతుకుతుంది. మునిగితే అంతే సంగతులు. మునిగిన చొక్కా ఏనాడూ అబద్ధం చెప్పలేదని మా అక్క తిఫెన్ వాళ్ల అత్తగారు గుండెల మీద సిలువ వేసుకుని మరీ చెప్పేది.

అక్క అంతకుముందు రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మునిగింది. ఇద్దరు మగపిల్లలూ పోయారు. మూడోసారి, రెండేళ్ల ఎనోరా కోసం వెళ్లింది.

పిల్లకి మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. కాచిన నీళ్లలో తేనె కలిపి చెంచాడు చెంచాడు పడుతున్నాం. ఆ ఇంట్లోనే ఉండే నా చేతికి చెంచా ఇచ్చి, "నేనొచ్చేదాకా ఆపకే" అంది అక్క. చెక్కచెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

ఇక జరిగింది అక్క చెప్పినట్టే చెబుతాను.

బావి ఇంకా కనబడకముందే వినబడింది — టప్... టప్... బండమీద బట్ట ఉతుకుతున్న చప్పుడు. తర్వాత ఆగిపోయింది.

వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. కానీ చంకలో ఎనోరా చొక్కా ఉంది.

వంగి నీళ్లమీద పరిచింది. కాసేపు తేలింది. ఒక చెయ్యి తడిసింది... రెండోది... మెల్లగా మొత్తం లోపలికి జారిపోయింది. అక్క అక్కడే కూలబడింది.

అప్పుడు — తడిసిన చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

"పిండు."

చీకట్లో ఆడవాళ్లు పెట్టుకునే తెల్లటి టోపీ. ఆ చేతిలో నీళ్లోడుతున్న చొక్కా.

"ఆ కొస పట్టుకో... పిండు."

అక్క కళ్లు మూసుకుని పిండింది. చేతులు విరగలేదు.

"ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

"కొవ్వొత్తి... వెలిగిస్తాను."

"చెంచా?"

"కడిగి బోర్లించేస్తాం. పోయే బిడ్డని ఇంకా బాధపెట్టకూడదు కదా."

దెయ్యం ఆ చొక్కాను బండకేసి కొట్టింది. "మునిగాక కూడా చెంచా ఆపని తల్లిని ఒక్కదాన్ని చూపించవే! తేలినోళ్లకి పాలు పడతారు, మునిగినోళ్లకి కొవ్వొత్తి పెడతారు. పైగా చూశారా, మునిగితే చస్తారు అంటారు. చంపింది నీళ్లా?"

అక్క కళ్లు తెరిచింది. పాత మిల్లులో ఒంటరిగా ఉండే మర్గరిద్! నలుగురు పిల్లలు పోయి మతి చెడిందని ఊరంతా దూరం పెట్టిన మనిషి.

"ఈ చొక్కా అంతకుముందు ఎవరిది?" అంది మర్గరిద్.

"మా పెద్దాడిది... తర్వాత చిన్నాడిది."

"అదీ సంగతి. కొత్త గుడ్డ కాసేపు తేలుతుంది. ముగ్గురు తొడిగి అరిగిపోయిన గుడ్డ మునక్క ఏం చేస్తుంది? పగలు చెబితే పిచ్చిదన్నారు. దెయ్యమైతే భయపడైనా ఆగి వింటారనుకున్నా... అందరూ పారిపోయారు. ఆగినదానివి నువ్వొక్కదానివే. పో, పోయి చెంచా పట్టు!"

అక్క పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో అత్తగారు కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"తేలిందా, మునిగిందా?"

అక్క నా వైపు చూసింది, నా చేతిలో చెంచా వైపు చూసింది.

"తేలింది."

మా అక్క అబద్ధమాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. అత్తగారు కొవ్వొత్తి పక్కన పడేసి తానే నీళ్లు కాచింది. ముగ్గురం వంతులవారీగా పట్టాం. ఐదోరోజు ఎనోరా కళ్లు తెరిచి గంజి అడిగింది. నేను గట్టిగా ఏడ్చేశాను. అక్క ఏడవలేదు. మగపిల్లల ఖాళీ మంచం వైపే చూస్తూ కూర్చుంది.

అత్తగారు ఊరుకుంటుందా? "చొక్కా తేలింది, పిల్ల బతికింది" అని చర్చి మెట్లమీద నిలబడి అందరికీ చెప్పింది. బావి మాటకు తిరుగులేదని ఊరికి నమ్మకం రెట్టింపైంది. అక్క నిజం చెప్పబోయింది. పిల్ల బతికిందన్న సంతోషంలో ఏదో అంటోందని నవ్వారు. ఆ నెలలోనే రొట్టెలు చేసే కటెల్ కొడుకు చొక్కా మునిగింది. వాడి మంచం పక్కన కొవ్వొత్తి వెలిగించారు.

ఇప్పుడు ఊటబావి దగ్గర రెండు దెయ్యాలు తిరుగుతున్నాయంటున్నారు. పొద్దున్నే చూస్తే గుమ్మంలో అక్క చెక్కచెప్పులు తడిసి ఉంటాయి. నేనేమీ అడగను. నాకు అడిగే మొహం లేదు.

ఆ రెండుసార్లూ చెంచా కడిగి బోర్లించింది నేనే.