రెండు రకాల గ్రే

“నీ తమ్ముడి పేరు రేపు అచ్చులో వచ్చేస్తుంది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ‘రాయి’ ముఖంలో ఏ మార్పూ లేదు. భార్య పోయిన నాటి నుంచి అతని లోపల ఏదీ కదలడం లేదు. డిపార్ట్‌మెంట్ ఆ పేరు ఊరికే పెట్టలేదు. తమ్ముడు డిపార్ట్‌మెంట్ తరఫున విదేశీ ఆయుధాల ముఠాలో మారుపేరుతో చేరాడు. వాడి అసలు పేరు బయటపడితే శవం కూడా దొరకదు.

చీఫ్ ఒక డిటెక్టివ్ నవల ప్రూఫు ముందుకు తోశాడు.

“వాళ్ల కబుర్లు ఇందులోనే వెళ్తాయి. నవలంతా బ్రిటిష్ స్పెల్లింగ్. కొన్ని పేజీల్లో మాత్రం ‘గ్రే’ అన్న మాటకి ‘e’ బదులు ‘a’ పెట్టి అమెరికన్ స్పెల్లింగ్. ఆ పేజీ నంబర్లే కోడ్. ఈసారి అందులో ఉన్నది నీ తమ్ముడి పేరు. ఎవడికి అనుమానమొస్తుంది? ఒకే నవల ఒక్కో దేశంలో ఒక్కో స్పెల్లింగుతో అచ్చవుతూనే ఉంటుందాయె!”

“ప్రెస్సు మూయించేద్దాం.”

“ముఠా జాగ్రత్తపడిపోతుంది. పుస్తకం రావాలి, పేరు రాకూడదు.”

సాయంత్రానికి విగ్గుతో, సోడాబుడ్డి కళ్లద్దాలతో రాయి ఆ ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడరయ్యాడు. కంప్యూటర్ తెర మీద కౌంట్‌డౌన్ నడుస్తోంది. సున్నా రాగానే ఫైలు దానంతటదే ప్రెస్సుకు వెళ్లిపోతుంది. కీబోర్డు మీద చెయ్యి వేశాడో లేదో, మెడకు చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్‌లా కనిపించే పిస్టల్.

“చెయ్యి తియ్యండి,” అంది ఎడిటర్. ఎర్రటి పెదవులు, సిల్కు గౌను. మొన్నటిదాకా చీఫ్‌కి రహస్యాలు చేరవేసింది ఈవిడే. ఎంత మోసం!

భయపడాలని రాయికి తెలుసు. భయం రాలేదు. ఒక్క మీట నొక్కాడు. నవలలో ఉన్న ప్రతి ‘గ్రే’ అమెరికన్ అయిపోయింది. కోడ్ కాస్తా గంగలో కలిసింది.

“నీ దుంపతెగ! హీరో లండన్‌వాడు!”

కాల్చాల్సింది. కానీ ఏళ్ల తరబడి తప్పులు దిద్దిన చెయ్యి కదా, పిస్టల్ బల్ల మీద పడేసి ముందు కీబోర్డు లాక్కుంది. రాయి పిస్టల్ అందుకుని ఆమె చేతులు వెనక్కి విరిచాడు. మూడు... రెండు... ఒకటి. ఫైలు వెళ్లిపోయింది.

ఎడిటర్ నోరు విప్పడంతో వారం తిరక్కుండా ముఠా మొత్తం దొరికింది. తమ్ముడొచ్చి “అన్నయ్యా!” అని వాటేసుకుని బావురుమన్నాడు. రాయి వాడి వీపు నిమిరాడు. తనకూ కన్నీళ్లు వస్తాయేమోనని చూశాడు. రాలేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. “ఆ రచయిత మన ప్రాణం తీస్తున్నాడయ్యా. లండన్ హీరో చేత అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడించామట!”

“హీరో బతికే ఉన్నాడుగా సార్,” అన్నాడు రాయి. “ఏదో ఒకటి మాట్లాడనివ్వండి.”