దక్షిణపు వాకిలి దగ్గర తెల్లటిది

కేర్‌వెల్లిన్ ఊళ్ళో దక్షిణపు వాకిలి పేరెత్తితే పబ్బులో కూడా గొంతులు తగ్గుతాయి. రోమన్లు కట్టిన ఊరిగోడకి నాలుగు వాకిళ్ళు. దక్షిణపుదాన్ని మాత్రం వాళ్ళే, ఏ దండుకో జడిసి, రాళ్ళతో మూసేశారు. అప్పుడు కాపలావాడొకడు బయటే ఉండిపోయాడట. చీకటిపడితే లోపలికి సందు వెతుక్కుంటాడట... మెరెరిడ్ ఇదంతా విని నవ్వేది.

ఆమెది తవ్వకాల పని. గోడ లోపల, ఇడ్వాల్ అనే ముసలి రైతు గొర్రెలు మేపుకునే పొలంలో, ఆ వారమే రోమన్ల ఇంటి నేల బయటపడింది. రంగురాళ్ళు పొదిగిన నేల, మధ్యలో నీలం చేప. తవ్వనివ్వడానికి ఇడ్వాల్ మూడేళ్ళు సతాయించాడు. ఒప్పుకున్నాక కూడా ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు.

నవంబరు మొదటి వారం. ఇంటికెళ్ళి టీ పెట్టుకుంటుంటే రేడియోలో చెప్పారు, రాత్రికి మంచు గడ్డకడుతుందని. మెరెరిడ్ పొయ్యి ఆపేసింది. ఆ నేలమీద కప్పిన బరకం కింద చలి ఆపే గడ్డి పరవలేదు. రంగురాళ్ళ సందుల్లో తడి గడ్డకట్టిందా, పదిహేడు వందల ఏళ్ళు కదలని చేప తెల్లారేసరికి పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

గడ్డిమోపు భుజానేసుకుని బయల్దేరింది. ఐదున్నరే... కానీ కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. దగ్గరి దారి దక్షిణపు వాకిలి పక్కనే, గోడ కూలినచోట.

గోడెక్కింది. లోపల ఎవరో... మూలుగుతున్నారు.

గాలేమో అనుకుంది. గాలి లేదు.

గొయ్యిలో తెల్లటిదేదో నేలమీద పాకుతోంది. ఆగింది. మళ్ళీ పాకింది. ఉన్నట్టుండి నిలువునా లేచి చేతులు చాపింది — ఒక్కో చెయ్యీ తలుపంత!

మోపు జారిపోయింది. పారిపోదామనుకుంది. కానీ చేప అక్కడుంది. రోమన్ దెయ్యంతో లాటిన్లో మాట్లాడాలా, మామూలుగానా అని కూడా ఆలోచించిందట పాపం. చివరికి గొణిగింది.

"అయ్యా... తొక్కకండి. కింద చేపుంది."

"తెలుసులే పిల్లా," అంది ఆకారం. "నీకన్నా ముందే చూశా. నడుం పట్టేసింది, ఆ కొస పట్టుకో."

ఇడ్వాల్! చేతుల్లో తెల్లటి రజాయి, పక్కన మడిచిన బరకం.

ఇద్దరూ కలిసి చేపమీద పరుస్తుంటే చెప్పుకొచ్చాడు. తన ఎనిమిదో ఏట నాన్న నాగలికి ఈ చేప తగిలిందట. నలుగురికీ తెలిస్తే పొలం పోతుందని తండ్రి మళ్ళీ మట్టి కప్పి, ఒట్టు వేయించుకున్నాడట. అరవై ఏళ్ళుగా అక్కడ నాగలి దిగనివ్వలేదు.

"మీరు తవ్వి పగలగొడతారనే నా ఏడుపంతా," అన్నాడు మెల్లగా. "ఈ రజాయి మా ఆవిడ గ్లాడిస్‌ది, పెళ్ళినాటిది. తెలిసిందా, నన్నిక్కడే పూడ్చేస్తుంది."

మాట పూర్తికాలేదు... గోడమీద టార్చి వెలిగింది.

గ్లాడిస్ దిగొచ్చింది. మొగుణ్ణి చూసింది. రజాయిని చూసింది. అది చాలక బయటే మిగిలిన నీలం తోకను చాలాసేపు చూసింది. తర్వాత కోటు విప్పి, వంగి, దానిమీద కప్పింది.

"తోక వదిలేశావేం?" అంది.