కూత మానేసిన కౌజు

"నా పిట్టలకి ఎవులో ద్రోహం సేసినారు బాబూ! ఆడెవుడో పట్టి నా ముందర నిలబెట్టండి!"

ఏడుస్తూ వచ్చే క్లయింట్లు జగన్నాధానికి అలవాటే. శ్రీకాకుళంలో ప్రైవేటు డిటెక్టివ్ కూర్మనాథం దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ చూస్తున్నాడు, అందరూ గుటకలు మింగేవాళ్లే. ఈ లక్ష్మణమ్మ మాత్రం కోటబొమ్మాళి నుంచి రైలెక్కి కొట్లాటకే వచ్చినట్టు వచ్చింది.

ఆవిడ మొగుడు జూట్ మిల్లులో పని చేస్తూ దూరంగా ఉంటాడు. ఈవిడ సరదాకి పెరట్లో కౌజుపిట్టలు పెంచుతుంది. ఒక పోతు, నాలుగు పెట్టలు. గుడ్లను నాటుకోడి కింద పొదగేసి, లేచిన పిల్లల్ని సంతలో అమ్ముతుంది. ఇంటి కోడలు సంతలో పిట్టలమ్మడం పరువుతక్కువని బావగారు నరసింగరావుకి కడుపుమంట. ఒకసారి పొదగేసిన గుడ్లన్నీ మురిగిపోయేసరికి ఆయనకి పండగైంది.

"ఈసారీ పిల్లలు లెగకపోతే గూళ్లు ఇరగ్గొట్టి పొయ్యిలో ఎడతానని ఊరి పెద్దల ముందర అన్నాడు. రేపే గడువు. రాత్రి దీపం ముందర సూసినాను, ఒక్క గుడ్డులోనూ పేణం లేదు బాబూ!"

"గుడ్లు తగ్గాయా?" అడిగాడు కూర్మనాథం.

"తగ్గడమేటి? ఎప్పటికన్నా ఎక్కువే ఎడతన్నాయి."

"పోతు కూస్తోందా?"

"అదే బెంగ. వానలొస్తే ఊరంతా లేపేసేది. ఇప్పుడు నోరిప్పదు."

కూర్మనాథం నవ్వాడు. జగన్నాధానికి ముక్క అర్థమైతే ఒట్టు! అయినా సారు నవ్వారంటే దొంగ దొరికినట్టేనని గొడుగందుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ కోటబొమ్మాళి చేరేసరికి లక్ష్మణమ్మ పెరట్లో పిట్టలు బూడిదలో పొర్లాడుతున్నాయి. కూర్మనాథం ఆ బూడిద చిటికెడు తీసి నలిపితే వేళ్లకి నల్లటి జిడ్డంటింది. జగన్నాధం వాసన చూశాడు. లవంగం!

పిట్టలు పట్టి అమ్మే గంగులు అక్కడే ఉన్నాడు. "ఈమధ్య ఎవరికైనా పెట్టనమ్మావా?" అని కూర్మనాథం అడిగితే, "సంతలో వందమంది కొంతారు బాబూ, మొకాలు గుర్తెట్టుకుంతానేటి?" అని తల గోక్కున్నాడు.

ఇంతలో నరసింగరావు వచ్చాడు. వయసు అరవై దాటినా మీసం మాత్రం నిగనిగలాడుతోంది. చెమట తుడుచుకుంటే తెల్ల తువ్వాలు మీద నల్లటి చార పడింది.

"పిట్టలకి డిటెక్టివా? సిగ్గుండాల! పెద్దలు మా అరుగు మీద కూకున్నారు, రండి."

"గంగులే సార్," గొణిగాడు జగన్నాధం.

"తొందరపడకయ్యా."

అరుగు మీద అందరి ముందూ కూర్మనాథం ఆ పోతుని పట్టుకుని, కొబ్బరినూనె గుడ్డతో దాని రొమ్ము తుడిచాడు. కౌజుపోతుకి ఉండాల్సిన నల్లమచ్చ కాస్తా గుడ్డకి వచ్చేసింది.

"ఇది పోతు కాదు, పెట్ట. అందుకే కూయలేదు. నాలుగు కాస్తా ఐదైతే గుడ్లు పెరగవా? పోతే లేనప్పుడు గుడ్డులో ప్రాణమెక్కడిది? పిట్టని మార్చినవాడు మచ్చ దిద్దాడు గానీ, కౌజు బూడిదలో పొర్లుతుందన్న సంగతి మరిచాడు. రంగు రాలినప్పుడల్లా, ఈవిడ సంతకెళ్లిన అదును చూసి మళ్లీ పూశాడు. లవంగనూనె కలిపిన మీసాల రంగు! నరసింగరావుగారూ, ఆ తువ్వాలు వాసన చూడనిస్తారా?"

"మీసానికి రంగేసుకున్నోణ్ణి నానొక్కణ్ణేనేటి?" అని గద్దించాడాయన.

"పెట్ట పిలిస్తే పోతు ఊరుకోదు," అంటూ కూర్మనాథం పెట్టల గూడు తెచ్చి, అరుగు పక్కనే ఉన్న నరసింగరావు ధాన్యపుగది తలుపు దగ్గర పెట్టాడు. పెట్ట ఒకటి సన్నగా పిలిచింది. అంతే! గది లోపల్నుంచి పోతు గొంతు చించుకుని కూసింది. జగన్నాధం చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు.

"అయ్యో నా పిట్ట!" లక్ష్మణమ్మ తలుపు తోసుకెళ్లి గంప కింద నుంచి పోతుని తీసి గుండెకి హత్తుకుంది. "సంపకుండా ఉంచినావేటి బావా?"

నరసింగరావు తల దించుకున్నాడు. "మంచి పిట్ట... సెయ్యి రాలేదు."

పెద్దాయనొకడు గొంతు సవరించుకున్నాడు. "పోనీలే, పోతు దొరికింది గదా. ఇంకోసారి గుడ్లు పొదిగేదాకా గడువిస్తాం."

"గడువా?" లక్ష్మణమ్మ గిర్రున తిరిగింది. "ఇన్నాళ్లూ మీ మాటకి తలొంచి తప్పు సేసినాను. పిల్లలు లెగనీ, మురిగిపోనీ, పిట్టలు నావి. నా గూటి మీద సెయ్యెయ్యడానికి మీరెవులు?"

ఆవిడ పోతుని గూట్లో వదిలి, గూడు నెత్తికెత్తుకుని, పెరటిదారి మానేసి, అందరూ చూస్తుండగా నడివీధినే ఇంటికి నడిచింది.