గొలుసు అవతలి కొస

మా తమ్ముడు కొత్త గేమ్ బాక్స్ కొనుక్కుని పాతది నా దగ్గర పడేసి వెళ్లాడు. "నీకు మధ్యాహ్నాలు ఖాళీయే కదక్కా, కాలక్షేపం అవుతుంది" అన్నాడు. నా మధ్యాహ్నాల గురించి వాడికి తెలిసింది అంతే.

నేను స్కూలు బస్సు నడుపుతాను. నాలుగున్నరకు లేచి, నాన్నకు ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, మందులు మింగించి, కింది వాటా పిన్నిగారికి అప్పజెప్పి ఆరింటికల్లా బయటపడాలి. తిరిగి ఇల్లు చేరేసరికి పదిన్నర. మళ్లీ రెండున్నరకు బస్సెక్కాలి. మధ్యలో ఉన్న నాలుగు గంటలూ హాయిగా పడుకోవచ్చు. కానీ పడుకుంటే నాన్న మూలుగు వినపడదేమోనని బెంగ. కుర్చీలో కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతలు పడేవి. అందుకని ఆట పెట్టుకునేదాన్ని.

నాన్న సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒంట్లో చెప్పిన మాట వినేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. వెలుతురు తగిలితే తల పగిలిపోతోందన్నట్టు మొహం పెట్టేవాడు. కాబట్టి పట్టపగలు కూడా ఆ గది కిటికీలకు మందపాటి కర్టెన్లు దించే ఉండేవి. మందుల వాసన, తడిసి ఆరిన పరుపు వాసన, ఫ్యాను కిర్రుకిర్రు. ఆ చీకట్లో టీవీ ఒక్కటే వెలుగు.

ఆ ఆటలో కొండలు, కోటలు, అడవులు, రెక్కల రాక్షసులు. ఎటు కావాలంటే అటు పోవచ్చు. నేను కత్తి తీసేదాన్ని కాదు. గుర్రం ఎక్కి ఊరికే తిరిగేదాన్ని. తమ్ముడు ఫోన్లో నవ్వేవాడు. "ఒక్క రాక్షసుణ్ణయినా చంపవేంటక్కా. అక్కడా డ్రైవరు ఉద్యోగమేనా?"

"దించాల్సిన పిల్లలు లేరు కదరా. ప్రాణానికి సుఖంగా ఉంది" అనేదాన్ని.

ఒకరోజు గుర్రాన్ని రెండు దార్లు చీలిన చోట ఆపి ఎటు పోవాలా అని చూస్తున్నాను. వెనక టక్‌మని చప్పుడైంది. నాన్న వేలితో మంచం పక్క ఇనుప కడ్డీ మీద కొట్టాడు. తిరిగి చూస్తే ఆయన కళ్లు టీవీ మీద ఉన్నాయి. నెలల తరబడి గోడకేసి చూస్తూ పడున్న మనిషి.

"ఎడమకా నాన్నా?"

టక్.

అలా మొదలైంది. ఒక దెబ్బ అంటే ఎడమ, రెండంటే కుడి. భూములు కొలిచి బతికిన మనిషి కదా, టీవీలో అయినా నేల కనబడేసరికి ప్రాణం లేచొచ్చిందనుకున్నాను. సంతోషపడ్డాను కూడా. పిన్నిగారికి చెబితే "పోన్లే తల్లీ, తండ్రీ కూతుళ్లిద్దరికీ షికారు" అంది.

పది రోజులు తిరిగాక కనిపెట్టాను, నాన్న ఊరికే తిప్పడం లేదు. పెద్ద కోట పక్కనుంచి పోతున్నా లోపలికి వెళ్లనివ్వడు. నది వస్తే రేవు ఎక్కడుందో ఆయనకు ముందే తెలుసు. దారి తప్పితే వేలు ఆగకుండా కొట్టుకునేది. రోజూ ఉత్తరానికే. రోజూ ఇంకొంచెం దూరం.

ఆ రోజు గురువారం. ముందురోజు బస్సు టైరు పంక్చరై రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డాను. నడుం నడుంలా లేదు. పన్నెండున్నరకి ఆట పెట్టాను. చిత్తడి నేల దాటాక చెట్లు పలచబడ్డాయి. తర్వాత అస్సలు లేవు. ఎర్రమట్టి నేల, ఎంతదూరం చూసినా చదును. అప్పటిదాకా వెంట వచ్చిన సంగీతం ఎక్కడో ఆగిపోయింది. పక్షులు లేవు. గాలి లేదు. గుర్రం డెక్కల చప్పుడు ఒక్కటే... కాసేపటికి అదీ వినపడ్డం మానేసింది. గుర్రం మాత్రం నడుస్తూనే ఉంది.

నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. వరసగా, కొలిచినట్టు. ఒక్కో మేకుకీ ఎర్ర గుడ్డ పీలిక.

నాన్న హద్దులు పాతే అలాంటి మేకులు చిన్నప్పుడు మా వరండాలో కట్టలు కట్టి పడుండేవి. రాజులూ రాక్షసులూ ఉన్న ఆటలో ఇవేంటి అనుకున్నాను. నిద్ర మొహంతో అంతకంటే ఆలోచించలేకపోయాను.

టక్ టక్. కుడికి.

దూరంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అటు తిరిగి ఉన్నాడు. చేతిలో సర్వేవాళ్లు పట్టుకునే ఎరుపు తెలుపు పట్టెల కర్ర. ఒంటి మీద కవచం లేదు. మోచేతుల దాకా మడిచిన చొక్కా, మాసిన ప్యాంటు, మెడలో తువ్వాలు. నేను ముందుకెళితే అతనూ అంతే దూరం ముందుకెళ్లాడు. నేను ఆగితే ఆగాడు. మా ఇద్దరి మధ్యా ఏదో బిగించి కట్టినట్టు.

నాన్న గొంతులోంచి గురగుర శబ్దం వచ్చింది.

"నీళ్లు కావాలా?"

కళ్లు తిప్పలేదు. నుదుట చెమట.

"ఆపేయనా నాన్నా?"

టక్... టక్ టక్... టక్... దారి చెబుతున్నాడో వద్దంటున్నాడో అర్థం కాలేదు. నేను ముందుకే పోయాను.

కాసేపటికి ఆ మనిషి ఒకచోట ఆగాడు. ఈసారి నేను దగ్గరికెళ్లినా కదల్లేదు. అతని కాళ్ల ముందు పాడుబడ్డ బావి. గట్టు సగం కూలి ఉంది. గట్టు మీంచి ఒక ఉక్కు గొలుసు లోపలికి దిగి ఉంది. రెండో కొస నేల మీద పడి ఉంది.

అతను ఇటు తిరిగాడు. మొహం ఉండాల్సిన చోట మట్టి. తడి మట్టి.

అయినా పోల్చుకున్నాను. భుజం ఒకవైపు వాలిన ఆ నిలబడే తీరు చాలు. నాన్న దగ్గర కొలత గొలుసు పట్టేవాడు ఒకాయన ఉండేవాడు. గొలుసు బాబాయ్ అని పిలిచేవాళ్లం. నన్నూ తమ్ముణ్ణీ చెరో భుజం మీద ఎక్కించుకుని వీధంతా తిప్పేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఉన్నట్టుండి రావడం మానేశాడు.

తెర కింద అక్షరాలు వచ్చాయి. ఆటలో అన్నీ పరాయి భాషలో వస్తాయి. ఇవి తెలుగులో ఉన్నాయి.

*గొలుసు వదిలేశారేం సార్?*

నేను ఊపిరి పీల్చుకునేలోగా నా వెనక ఎవరో మాట్లాడారు.

"బరువు..."

పద్నాలుగు నెలలుగా పలకని గొంతు.

"బరువైపోయింది రా... పట్టుకోలేకపోయా..."

వెనక్కి తిరగాలి. ఆయన చెయ్యి పట్టుకోవాలి. కానీ తెర మీద, ఎప్పటిలాగే, నేను చెప్పాల్సిన జవాబులు రెండు వచ్చి నిలబడ్డాయి. ఆటలో ఎవరేం అడిగినా చదవకుండా మొదటిది నొక్కేసి ముందుకు పోవడం నా అలవాటు. నిద్ర చాలని వేళ్లు. అవే నొక్కేశాయి.

నొక్కాక చదివాను.

*ఆ కొస ఇటివ్వండి, నేను పట్టుకుంటా.*

మట్టి మొహం కొంచెం పక్కకు వంగింది, వినపడిందన్నట్టు. తర్వాత అతను బావి గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, తొందరేం లేనట్టు కిందికి దిగిపోయాడు. నేల మీద పడున్న గొలుసు కొస మెల్లగా జరిగింది. బిగుసుకుంది.

టీవీ తీగ పీకేశాను. చీకటి. ఫ్యాను కిర్రుకిర్రు.

చాలాసేపటికి నాన్న దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను. "బాబాయ్ బావిలో పడిపోయాడా నాన్నా?"

కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

"నువ్వొచ్చేసేటప్పటికి... బతికే ఉన్నాడా?"

వేలు కడ్డీ మీద ఆనించి ఉంచాడు. కొట్టలేదు. తీయనూ లేదు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బాబాయ్ ఆఖరిసారి పనికెళ్లిన రోజు సాయంత్రం నాన్న రెండు అరచేతులకీ గుడ్డలు చుట్టుకుని ఇంటికొచ్చాడు. గొలుసు కోసుకుందన్నాడు. బాబాయ్ చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడన్నాడు. తర్వాత బాబాయ్ భార్య రెండుసార్లు వచ్చి గేటు దగ్గర నిలబడింది. అమ్మ మంచినీళ్లిచ్చి పంపేసింది. మూడోసారి ఆవిడ రాలేదు.

రెండున్నరకు బస్సెక్కాను. పిల్లల్ని ఇళ్ల దగ్గర దించాను. బతకాలి కదా.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఆ చోటు గురించి మాత్రం అడిగాను. "ఉత్తరాన అంతా సముద్రమే అక్కా. చిత్తడి దాటితే నీళ్లలో పడి చచ్చిపోతావు. నిద్రపోయి ఉంటావ్ ఆడుతూ ఆడుతూ" అన్నాడు. మిగతాది చెప్పలేదు. వాడు కూడా ఆ భుజాల మీద ఊరేగినవాడే.

ఆ వారమే గేమ్ బాక్స్ ఎవరికో ఇచ్చేశాను. నాన్న మళ్లీ మాట్లాడలేదు. కానీ తేటగా ఉన్నాడు. మొహంలో ఏళ్లనాటి బిగువేదో సడలింది. రాత్రిళ్లు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పొద్దున పక్కబట్టలు మార్చడానికి లేపితే దూదిలా వచ్చేస్తున్నాడు. "ఒంటిచేత్తో లేపేస్తున్నావే. బాగా చిక్కిపోయాడా ఏంటి?" అని పిన్నిగారు అడిగింది. చిక్కలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లి తూకం వేయించాను. ఎప్పుడూ ఉండే బరువే.

నా బరువూ చూసుకున్నాను. అదీ ఎప్పుడూ ఉండేదే.

సోమవారం క్లచ్ మీద పెట్టిన ఎడమకాలు వెంటనే పైకి రాలేదు. అలసట అనుకున్నాను. డాక్టరమ్మ కూడా అదే అంది. నరాల పరీక్ష చేసి, అన్నీ బాగానే ఉన్నాయమ్మా, నిద్ర పోవాలి నువ్వు, అని బలం మాత్రలు రాసింది. మాత్రలు వేసుకుంటున్నాను. నిద్ర కూడా పోతున్నాను.

మొదట్లో పాదం ఒక్కటే బరువుగా ఉండేది. తర్వాత మడమ. తర్వాత పిక్క. నిన్నటికి మోకాలు దాటింది. నొప్పి లేదు. వాపు లేదు. బరువు, అంతే. అది రోజంతా ఒకేలా పైకి రాదు. కొంచెం వస్తుంది. ఆగుతుంది.

గొలుసు పట్టుకుని కిందినుంచి ఎక్కే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు.