బొంతలో రాజుగారి ముక్క

"ట్యూబు మూత నా కళ్ళముందే విప్పాలి. అటు తిరిగి ఏం చేసినా నేనొప్పుకోను" అన్నాడు పురుషోత్తం.

డాక్టర్ షంషాద్ ఆయన వైపే తిరిగి మూత విప్పింది. ఓబులేసు అందులో ఉమ్మి, మూత పెట్టి, ఆమె చేతికిచ్చాడు. పురుషోత్తం ఆ ట్యూబును లైటు కింద పట్టుకుని, దొంగనోటు పరీక్షించే షావుకారులా తిప్పి తిప్పి చూశాడు. ఉమ్మిలో ఆయనకేం కనబడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

నల్లకోనలో ఇప్పుడు అందరి పనీ ఇదే. మెట్రో సొరంగం తవ్వుతుంటే కోట కింద ఎర్రమరాజు సమాధి బయటపడింది. ఆరువందల ఏళ్ళ కిందట ఈ సీమను ఏలినవాడు. ఎముకల పక్కనే ఆయన ముద్ర ఉంగరం దొరికింది కాబట్టి ఆ ఎముకలెవరివో అనుమానం లేదు. వాటిలోంచి డి.ఎన్.ఏ తీశారు. ఆ తర్వాత షంషాద్ తయారుచేసిన వంశసూచి మెషిన్ వచ్చింది. ఇక చూడండి. ఎవరి గేటు మీద చూసినా 'ఎర్రమరాజు వంశీకులు' అని వెలిగే బోర్డే. అందరికంటే ముందు, అందరికంటే పెద్ద బోర్డు పెట్టించుకున్నవాడు పురుషోత్తం. కోట ఉత్సవంలో తొలి తాంబూలం ఆయనకే. వాళ్ళను 'కోటింటివారు' అంటారు మరి.

ఆయన కూతురు హిమజ బ్యాటరీ ప్లాంట్‌లో ఇంజినీరు. అక్కడే పనిచేసే ఓబులేసును చేసుకుంటానంది. ఓబులేసు తాతముత్తాతలు రాళ్ళు కొట్టేవాళ్ళు. చుట్టాలందరూ ఉండగా పురుషోత్తం మీసం దువ్వి, "వాడి ఒంట్లో ఎర్రమరాజు రక్తం చుక్క ఉందని తేలితే, నేనే వాడి కాళ్ళు కడిగి కన్యాదానం చేస్తా" అన్నాడు. లేదన్న ధైర్యం. హిమజ ఆ మాటే పట్టుకుంది. తండ్రినీ తల్లినీ ఓబులేసునూ తీసుకొచ్చి షంషాద్ పరీక్షా కేంద్రంలో కూర్చోబెట్టింది.

మెషిన్ గురగురమంటోంది. పురుషోత్తం భార్య సత్యవేణి దాని వంకే చూస్తోంది.

"డాక్టరమ్మా, ఉమ్మిలోంచి రాజును ఎట్లా లాగుతుంది ఇది?"

"బొంత కుట్టారా అమ్మా ఎప్పుడైనా?"

"ఎందుకు కుట్టలేదు. మా అమ్మమ్మ చీరలన్నీ బొంతలే అయ్యాయి."

"అదేనమ్మా. మన ఒళ్ళు ఒక బొంత. అమ్మమ్మ చీర ముక్క ఒకటి మీ బొంతలో ఉంటుంది, అదే చీర ఇంకో ముక్క మీ చెల్లెలి బొంతలో. తరాలు గడిచేకొద్దీ ముక్కలు చిన్నవైపోతాయి. కొందరిలో అసలే మిగలవు. మామూలు పరీక్ష ఒక్క బొంతనే చూసి చేతులెత్తేస్తుంది. ఇది ఊరందరి బొంతలూ పక్కపక్కన పరుస్తుంది. ఏ ముక్క ఏ చీరలోంచి చిరిగిందో పోల్చుకుంటూ వెనక్కి కుట్టుకుపోతుంది."

"చీరలైతే మా అమ్మమ్మవి. మధ్యలో ఈ రాజుగారు ఎక్కడ తగులుకున్నాడు?"

షంషాద్ నవ్వు ఆపుకునేలోపే స్క్రీన్ మీద ఆకుపచ్చ వెలుగు వచ్చింది. ఓబులేసు ఎర్రమరాజు వంశీకుడు.

హిమజ తండ్రి వంక చూసింది. పురుషోత్తం మెషిన్ వంక చూశాడు.

"మార్చేశారు."

"ట్యూబు మీ చేతిలోనే ఉంది కదండీ" అంది షంషాద్.

"నా దగ్గర ఇంకో శాంపిల్ ఉంది. పేరు చెప్పను. పెట్టండి."

జేబులోంచి ట్యూబు తీసి ఇచ్చాడు. మెషిన్ ఎర్రగా మెరిసి, 'మనిషి శాంపిల్ పెట్టండి' అని అడిగింది. అది వాళ్ళింటి కుక్కది.

"అంటే దానికి పని తెలుసన్నమాటే" అని గొణిగి, బయటికెళ్ళి కారు డ్రైవరు మస్తాన్‌ను రెక్కపట్టుకుని లాక్కొచ్చాడు. అతనూ ఆకుపచ్చే. "నేనేం చేశాను సార్?" అని మస్తాన్ భయపడ్డాడు, పోలీసు కేసేదో తగిలినట్టు.

"రాళ్ళు కొట్టినవాడూ వంశీకుడే, కారు తోలేవాడూ వంశీకుడేనా? ఎవరో మీకు బాగా నేర్పించారు డాక్టరమ్మా!"

షంషాద్‌కు ఈ మాట కొత్త కాదు. "మీకు తల్లీతండ్రీ ఇద్దరు. వాళ్ళకు నలుగురు. తరం తరానికీ రెట్టింపు. ఆరువందల ఏళ్ళు వెనక్కి పోతే లెక్క కోటి దాటుతుంది. అప్పుడు ఈ సీమలో అంత జనం ఎక్కడున్నారండీ? అందుకే ఒకే మనిషి మీకు పది దారుల్లో తాత అవుతాడు. అందరికీ అవుతాడు."

ఆమె మర్యాదగా చెప్పి వదిలేసింది. నేను వదలను. శాసనంలో రాజుగారి రాణుల పేర్లున్నాయి. కోటకు రాళ్ళు మోసిన ఆడదాన్ని ఏ రాత్రి ఏ గదిలోకి పిలిపించారో మాత్రం శాసనంలో లేదు. ఇంటిపేరు మగవాడి వెనకాల నడుస్తుంది. రక్తానికి ఆ మర్యాదలు తెలియవు.

"నాన్నా, మాటిచ్చావు" అంది హిమజ.

పురుషోత్తం కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ముఖంలో వెలుగొచ్చింది. ఆ వెలుగు చూస్తే సత్యవేణికి ముప్ఫై ఏళ్ళుగా గుండె దడే.

"నా మాట మీదే ఉన్నానమ్మా. ఈ అబ్బాయి ఎర్రమరాజు సంతానం, ఒప్పుకున్నాను. నువ్వూ ఆయన సంతానమే. ఒకే పురుషుడి సంతానమంటే ఒకటే గోత్రం. అంటే మీరిద్దరూ ఏమవుతారు? అన్నాచెల్లెళ్ళు! అన్నాచెల్లెళ్ళకు పీటలు వేస్తే నాకు నరకంలో కూడా చోటు దొరకదు."

ఓబులేసు తన కుర్చీని హిమజ కుర్చీకి ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"గోత్రం తండ్రి వైపే కదండీ. ఈ మెషిన్ తల్లి వైపూ చూస్తుంది" అంది షంషాద్.

"గోత్రాల సంగతి మాకు మీరు నేర్పకండి. రక్తం ఒకటైతే ఒకటే!"

హిమజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో తిరిగిన నీళ్ళు. అప్పటిదాకా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చున్న సత్యవేణి లేచింది.

"డాక్టరమ్మా, నాకూ ఒక ట్యూబు ఇవ్వు."

"నీకెందుకే ఇప్పుడు?"

"డ్రైవరుకు కూడా తేల్చావుగా బావా. నాకు మాత్రం తేలొద్దా?"

ఆయన సొంత మేనమామ కూతురే సత్యవేణి. మేనరికం. గౌనుల నాటి నుంచీ ఆయన్ని బావా అనే పిలుస్తోంది. పెళ్ళయ్యాక కొత్తగా నేర్చుకోవలసిన పిలుపేమీ లేకపోయింది.

స్క్రీన్ ఆకుపచ్చగా వెలిగింది.

సత్యవేణి కొంగు భుజాన సర్దుకుంది. "పద అన్నయ్యా, ఇంటికి పోదాం."

ఆ రాత్రే ఆమె మంచం హిమజ గదిలోకి మారింది. "అన్నయ్యా, బీపీ మాత్ర వేసుకున్నావా?" "అన్నయ్యా, వదిన లేని ఇల్లు బోసిగా ఉంది, నీకో సంబంధం చూడమంటావా?" అన్నీ పక్కింటికి వినబడేలా. తొలి తాంబూలం గురించి మాట్లాడటానికి వచ్చిన పెద్దల ముందు కూడా అదే పిలుపు. వాళ్ళు కాఫీలు సగంలో వదిలేసి లేచిపోయారు.

వెళ్ళినవాళ్ళు ఊరుకున్నారా? పురుషోత్తం తీసిన గోత్రం పాయింటు ఊరంతా పాకింది. పెళ్ళికొడుకుల తరఫువాళ్ళు పెళ్ళికూతుళ్ళ గేట్ల మీద బోర్డులు చూసి వెనక్కి తిరిగారు. ముహూర్తాలు పెట్టుకున్న పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. పెళ్ళయినవాళ్ళు ఒకరినొకరు వారగా చూసుకున్నారు. కేంద్రం ముందు మళ్ళీ జనం చేరారు. ఈసారి అడిగేది వేరు. ముందు నిలబడ్డది పురుషోత్తమే.

"నాకు ఆ రాజుతో ఏ సంబంధమూ లేదని తేల్చి చెప్పండి."

"ఉందని చెప్పినప్పుడు వెంటనే నమ్మారే?" అంది షంషాద్.

"అప్పుడు మెషిన్ కొత్తది."

"ఈ ఊళ్ళో అలా ఎవరికీ చెప్పలేనండీ. నాకు నేనే చెప్పుకోలేకపోయాను."

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఈవిడ కూడానా! వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. గేటు దగ్గర నిలబడి, ఎవరూ చూడటం లేదని నాలుగువైపులా చూసుకుని, బోర్డు వైరు పీకేశాడు. వీధిలో అప్పటికే చాలా గేట్లు చీకటిగా ఉన్నాయి.

వరండాలో హిమజ కూర్చుని ఉంది.

"ఆ మెషిన్ ఒట్టి మోసం" అన్నాడు. "అంటే ఆ ఓబులేసుకు కూడా రాజుతో ఏ సంబంధమూ..."

"అన్నయ్యా!" వంటింట్లోంచి కేక.

పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. "రేపు ఆ అబ్బాయిని ఇంటికి రమ్మనమ్మా. వాళ్ళ పెద్దవాళ్ళను కూడా."

"కాళ్ళు ఎవరు కడుగుతారు నాన్నా?"

"నేనే. ఇంకెవరు?"

వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది.

"బావా, కాఫీ చల్లారిపోతోంది."

ఆయన గుమ్మంలోనే ఆగాడు. ఆమె ముఖం వంకా, కప్పు వంకా అనుమానంగా చూశాడు. తర్వాత రెండు చేతులా అందుకున్నాడు.