గోడ అవతల ఎనిమిది మీటర్లు

గుంటూరు మిరప యార్డుకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పాత కోల్డ్ స్టోరేజీ ఉండేది. 2008లో దాన్ని కొన్నవాళ్ళు డేటా సెంటర్‌గా మార్చడం మొదలుపెట్టారు. గోడలు మందం, కిటికీలు లేవు, ఎండ లోపలికి రాదు. సర్వర్లకి ఇంతకంటే మంచి చోటేముంటుందని వాళ్ళ లెక్క. సర్వర్ల మీదుగా కేబుళ్ళు పోవడానికి పైకప్పు కింద ఇనుప ట్రేలు వేలాడదీసే పని మాకొచ్చింది.

నా పేరు నగ్మా. మాది సత్తెనపల్లి. ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. ఆడది డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుంటుందా అని నవ్విన మేస్త్రీలని చాలామందిని చూశాను, వాళ్ళు వంకరగా వేసిన ట్రేలని విప్పించి మళ్ళీ వేయించాను కూడా. ఇషాక్ నా తమ్ముడు, నా దగ్గరే ఫిట్టరు. నాన్న పోయాక అమ్మని చూసుకుంటూ వాణ్ణి పెంచింది నేనే. వాడి మీద ఈగ వాలినా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడాది మా చేతికి ఒక లేజర్ మీటరు వచ్చింది. గోడకి గురిపెట్టి మీట నొక్కితే కొలత దానంతటదే లాప్‌టాప్‌లోకి ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్ ట్రే దారి గీసి, బోల్టు ఎక్కడ కొట్టాలో చూపిస్తుంది. టేపు పట్టుకుని నిచ్చెనలెక్కి దిగే బాధ తప్పింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు చివరి గోడకి గురిపెట్టాను. టేపుతో అయితే ముప్పై మీటర్లు. తెర మీద ముప్పై ఎనిమిది అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. ముప్పై ఎనిమిదే. బ్యాటరీలు మార్చినా అదే. ఎర్రచుక్క మాత్రం గోడ మీదే నిలబడి ఉంది.

"మీటరు పాడైనట్టుందండీ," అన్నాడు సాయిరాం. డేటా సెంటర్ కంపెనీ మేనేజరు అతనే. "గోడకి కన్నం పెట్టి ట్రే తోసెయ్యండి. అవతల జనరేటర్ గదే. ఐదింటికి ఓనర్లు వస్తున్నారు, ఈలోపు అయిపోవాలి."

ఆ మాట అంటున్నంతసేపూ అతను గోడ వైపు చూడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పరంజా ఎక్కి, మనిషి దూరేంత కన్నం కొట్టాడు ఇషాక్. ఇటుకల వెనక థర్మాకోల్ పలకలు కరిగి నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. వాటి వెనక జనరేటర్ గది లేదు. చీకటి గది ఉంది. అందులోంచి ఘాటు వచ్చింది. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకి మిరప ఘాటు కొత్త కాదు, తుమ్మి ఊరుకుంటాం. ఇది అది కాదు. బస్తాలకి బస్తాలు మాడిన వాసన. దాని అడుగున ఇంకేదో మాడిన వాసన.

"నేను అవతలి గోడ దాకా వెళ్ళి చూసొస్తానక్కా," అన్నాడు ఇషాక్, నడుముకి నైలాన్ తాడు కట్టుకుంటూ.

మా పనిలో ఒక పద్ధతుంది. కంటికి కనపడని చోట ఎవరూ అరవరు, తాడుతోనే చెప్పుకుంటారు. ఒకసారి గుంజితే ఆగమని. రెండుసార్లు గుంజితే లాగమని. రెండు గుంజులు రాగానే ఇవతలివాళ్ళు మారుమాట లేకుండా లాగాలి.

వాడు లోపలికి దిగాడు. పరంజా మీద కన్నం పక్కనే నిలబడ్డాను, తాడు నా చేతుల్లోంచి జారుతోంది. మీటరుకొక ముడి వేసి ఉంటుంది కాబట్టి లెక్కపెడుతున్నాను. ఆరు... ఏడు... ఎనిమిది. అక్కడ ఆగాలి. ఆగలేదు. పది. పదిహేను. ఇరవై రెండు...

అంత పెద్ద గది ఆ బిల్డింగులోనే లేదు.

అప్పుడు తాడు రెండుసార్లు కదిలింది. లాగాను. రాలేదు. మళ్ళీ రెండు గుంజులు. వెంటనే మళ్ళీ రెండు... ఇషాక్ గుంజు నాకు తెలుసు. ఇది ఒక మనిషి గుంజు కాదు.

లైట్లు ఆరిపోయాయి.

"తాడు వదిలెయ్యండి," చీకట్లో గుసగుసగా అన్నాడు సాయిరాం. "కన్నం మూసేద్దాం."

"లోపల మా తమ్ముడున్నాడు."

"తొంభై తొమ్మిదిలో మంటలొచ్చాయండీ. మిగతా సరుకు కాలకూడదని అప్పటి ఓనర్లు బయట నుంచి తలుపేసేశారు. లోపల తొమ్మిదిమంది హమాలీలు... గది చల్లారాక తలుపు తియ్యలేదు. గోడ కట్టేశారు."

"నీకు తెలుసా?"

"అమ్మేటప్పుడు ఎవరికీ చెప్పొద్దన్నారండీ..."

భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఆ మాట విన్నాక భయం కంటే కోపం పెద్దదైంది. మనుషుల్ని గోడ వెనక దాచి, ఆ గోడ మీదికే నా తమ్ముణ్ణి పంపించాడు.

అతను సెల్‌ఫోన్ వెలిగించి, వైరు కట్టరు తీసి పరంజా ఎక్కబోయాడు.

"ఇంకో మెట్టెక్కితే మొహం మీద తంతాను," అన్నాను. తన్నేదాన్నే. అతను ఆగిపోయాడు.

తాడు అరచేతుల్ని కోస్తోంది. మోచేతికి రెండు చుట్లు చుట్టుకుని తల కన్నంలో పెట్టాను. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. చాలామంది ఒకేసారి ఊపిరి వదిలినట్టుంది.

"వినండి," అన్నాను. "చెయ్యి తెగినా తాడు వదలను. ఆ తలుపేసింది వీడు కాదు. వీణ్ణి నాకిచ్చెయ్యండి. మీకేం కావాలో నన్నడగండి. నేనిస్తాను."

కాళ్ళు గోడకి తన్నిపెట్టి తాడు పట్టుకునే ఉన్నాను.

తరవాత తాడు వదులైంది... లాగాను. ముడి తరవాత ముడి... చివరికి సాయిరాం ఫోన్ వెలుగులో ఇషాక్ తల కనపడింది. కనుబొమలు తెల్లగా, బూడిద రాసినట్టున్నాయి. ఊపిరి ఉంది. నాకు అది చాలు.

కన్నం మూయనివ్వలేదు. ట్రే గీత కింద ముప్పై ఎనిమిది అంకెని అలాగే ఉంచి, లాప్‌టాప్ చంకలో పెట్టుకున్నాను. "ఓనర్లు రాగానే ఆ గది చూపించు. మూశావంటే పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తాను," అని సాయిరాంకి చెప్పి, తమ్ముణ్ణి ఆటోలో వేసుకుని గుంటూరు ఆస్పత్రికి బయల్దేరాను. బయట ఎండ మండిపోతోంది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

సగం దారిలో ఇషాక్ కళ్ళు తెరిచాడు.

"మాటిచ్చింది ఎవరని అడిగారక్కా," అన్నాడు మెల్లగా. "నీ పేరు చెప్పాను."

"మంచి పని చేశావ్. ఊరు కూడా చెప్పాల్సింది."

"ఊరు వాళ్ళే చెప్పారక్కా."

నా ఫోన్ మోగింది. ఇంటి నుంచి అమ్మ.

"ఏమే నగ్మా, పనివాళ్ళని ఇంటికి పంపేటప్పుడు చెప్పక్కర్లేదా?" అంది. "తొమ్మిదిమంది వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఏం కావాలన్నా అడగమన్నావట. మంచినీళ్ళడిగారు. రెండు బిందెలు ఖాళీ అయినా చాలలేదంటున్నారు." గొంతు తగ్గించింది. "వాళ్ళ చేతుల్లోంచి చెంబు తీసుకుంటే కాలుతోందే... ఎవరే వీళ్ళు?"

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"పొయ్యమ్మా, చాలనేదాకా పొయ్యి," అన్నాను. "ఫోన్ వాళ్ళకివ్వు."

ఫోన్ చేతులు మారింది. ఎండుమిరపకాయలు నిప్పుల్లో పడ్డ చిటపట మాత్రం వినిపిస్తోంది.

"నేను నగ్మాని," అన్నాను. "ఇంకేం కావాలో చెప్పండి."